ఉప్పు లేని బిస్కెట్లు

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా అన్న, మందమర్రి క్వార్టర్ ఖాళీ చేసి కరీంనగర్‌లో నా కిరాయి ఇంటికి వచ్చేశాడు. వదిన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్‌కు తీసుకుపోవడానికి బడిలో పనిచేసే నేను తప్ప ఎవరూ లేరు. కుక్కను బస్సు ఎక్కించుకోరని మంచం, బియ్యం డ్రమ్ము వేసుకొచ్చిన ట్రాలీ ఆటోలోనే దాన్నీ తెచ్చుకున్నాడు. ఎర్రటి ఊరకుక్క. దానికి వయసు మీదపడింది.

డాక్టర్ ఉప్పు మానమన్నాడు, నీళ్లు కొలిచి తాగమన్నాడు. అన్నకు అది శిక్షలా తోచింది. చప్పిడి పప్పు కలిపిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా కూర్చునేవాడు. ఒకసారి పళ్లెం గోడకు విసిరాడు.

"బాయిల దిగినప్పుడు గూడ గింత అధ్వాన్నం తిండి తినలే" అన్నాడు.

నేను మెతుకులు ఏరాను.

సాయంత్రాలు కుక్కను తిప్పుకొస్తానని వెళ్లి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొనేవాడు. తను తినేవాడు కాదు. చల్లార్చి కుక్కకు పెట్టి, అది నములుతుంటే చూస్తూ కూర్చునేవాడు. నేను అడిగితే, "నా నోటికి లేదాయె. దాని నోటికన్న ఉండనీ చెల్లే" అన్నాడు. ఉప్పు బిస్కెట్లు, చాయ్‌లో ముంచిన టోస్టులు, కారం కూర కలిపిన అన్నం, తనకు వద్దన్నవన్నీ దానికి పెట్టాడు.

వానాకాలం వచ్చేసరికి దాని వీపు మీద బొచ్చు ఊడిపోయింది. గోక్కుని గోక్కుని రక్తాలు కార్చుకునేది. పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టర్ దాని చెవులు, పళ్లు చూశాడు. ఏం పెడుతున్నారని అడిగాడు. అన్న దాచకుండా చెప్పాడు.

"ఉప్పు, కారం, నూనె అన్నీ బంద్ పెట్టుండ్రి. బేకరీ బిస్కెట్లు అసలే వద్దు. ఇంట్ల చేసి పెట్టుండ్రి, ఓపికుంటే" అన్నాడాయన.

అన్న కుక్క వైపు చూశాడు. "నీకు గూడ బందేనా?" అన్నాడు.

మరునాడు బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చుని జొన్నపిండి కలుపుతున్నాడు. ఉడికించిన గెనుసుగడ్డ, ఒక గుడ్డు, ఉడకబెట్టి నూరిన కోడి కార్జం అందులో వేశాడు. ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకున్నాడట. మందుసీసా మూతతో గుండ్రంగా కోసి, కుక్కర్‌లో పళ్లెం పెట్టి, విజిల్ తీసేసి, సన్నటి మంట మీద కాల్చాడు. కుక్కర్ అడుగున ఉప్పు పరవాలని వీడియోలో చెప్పారు. ఆయన ఇసుక కడిగి ఆరబెట్టి పరిచాడు.

"ఉప్పు జోలికి నేను పోను" అన్నాడు.

అప్పటిదాకా మంచం మీద గోడకు తిరిగి పడుకునే మనిషి లేచి స్నానం చేసి పిండి కలపడం మొదలుపెట్టాడు. కుక్క గోక్కోవడం తగ్గింది. నాకు కాస్త ఊపిరి ఆడింది.

ఒకరోజు డయాలసిస్ దగ్గర నర్సమ్మ రక్త పరీక్ష కాగితం చూసి నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, పొటాషియం మస్తు పెరిగింది. గుండెకు దెబ్బ. ఆలుగడ్డ, గెనుసుగడ్డ, కొబ్బరినీళ్లు ఏమన్న ఇస్తున్నరా?"

లేదన్నాను. అంటూనే నాకు అర్థమైంది. ఇంటికి వచ్చాక కుక్క బిస్కెట్ల సంగతి నిలదీశాను. ఆయన దబాయించలేదు.

"తింటున్న. అది ఒకటి, నేను ఒకటి. నా చేతితోని చేసుకున్నది గదా, నోట్లెకు పోతుంది."

"నీకు అది విషం అన్నా!"

"కుక్కకు మంచిదట. నాకు విషమట." నవ్వబోయాడు, కుదరలేదు. "దానికన్న హీనమైతిని చెల్లే."

బిస్కెట్ల డబ్బా తీసి పై అరలో పెట్టాను. ఆ రాత్రి ఇద్దరం తినలేదు.

తరువాతిసారి ఆయనే నర్సమ్మను అడిగాడు, ఏం తినొచ్చో. గుడ్డు తెల్లసొన మంచిదని, సొరకాయను ముక్కలు కోసి ఉడికించి ఆ నీళ్లు పారబోసి తినొచ్చని ఆమె చెప్పింది. బియ్యప్పిండిలో ఆ రెండూ కలిపి కాల్చాడు. కుక్క వాసన చూసి పక్కకు తిరిగింది.

"గిప్పుడు తెల్సిందారా నా బాధ?" అన్నాడు దాంతో. కుక్క కోసం సగం పిండిలో కార్జం కలిపాడు, మిగతా సగం తనకు. పొటాషియం దిగింది. మధ్యాహ్నాలు గడపలో కూర్చుని ఇద్దరూ తినేవారు. అలా చలికాలం దాకా గడిచింది.

అప్పుడు అన్నకు జ్వరం పట్టుకుంది. డయాలసిస్ కోసం మెడలో వేసిన పైపు దగ్గర చీము, అక్కడి నుంచి రక్తంలోకి పాకిందన్నారు. ఐసీయూలో నన్ను లోపలికి రానిచ్చినప్పుడు, "కుక్కకు పెట్టినవా?" అని అడిగాడు. పెట్టానని అబద్ధం చెప్పాను. అది పొద్దుటి నుంచి పక్కింటి వాళ్ల గేటుకు కట్టేసి ఉంది. తెల్లారేలోపు ఆయన పోయాడు.

పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేశారు. మట్టి వేసి వచ్చాం. చుట్టాలు వెళ్లిపోయాక కుక్కను విప్పి తెచ్చుకున్నాను. దుఃఖంతో తిండి మానేస్తుందేమోనని భయపడి, ఫ్రిజ్‌లో మిగిలిన కార్జంతో ఆయన చేసినట్టే చేసి పెట్టాను. ఒక్కటీ మిగల్చకుండా తింది. ఇంకా కావాలని నా చేయి నాకింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. "పోయిండే అన్న! నీకు ఏం గాలేదా?" అని అరిచాను. అది తోక ఊపింది.

ఎవరికైనా ఇచ్చేద్దామని చూశాను. ముసలి కుక్కను ఎవరూ తీసుకోలేదు. ఉండిపోయింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కోళ్ల దుకాణం దగ్గర ఆగి, కార్జం ఒక్కటే కావాలన్నాను. దుకాణం అతను నన్ను పరీక్షగా చూశాడు.

"కుక్కకా అమ్మా? రోజు ఒక పెద్దాయన వచ్చి తీస్కపోతుండె. నీకేమైతడు?"

"మా అన్న. పోయిండు."

అతను కత్తి పక్కన పెట్టాడు. తర్వాత కార్జం కడిగి, సంచిలో వేసి ఇచ్చాడు.