గొట్టం చివరి మనిషి

యేసుపాదం ఎడమ కన్ను పనిచేయదని ఊళ్లో తెలిసినవాళ్లం ముగ్గురమే. అతను, అతని భార్య ఎలీసమ్మ, నేను. పదేళ్లప్పుడు చేలో ఎండిన పత్తి కట్టె పీకుతుంటే అది ఒక్క ఊపున ఊడివచ్చి కొన కంట్లో దిగిందట. కనుగుడ్డు అలాగే ఉండిపోయింది, చూపు మాత్రం పోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లు కూడా కనిపెట్టలేరు.

నేను పర్చూరు లైబ్రరీలో పనిచేసే రోజుల్లో సాయంత్రాలు పేపరు చదవడానికి వచ్చేవాడు. పేపరును ఎప్పుడూ కుడి పక్కకి జరుపుకుని, మెడ కాస్త వంచి చదివేవాడు. మూడేళ్లు చూశాక ఒకరోజు అడిగాను.

“ఎవరితోనూ అనమాకండి సార్,” అన్నాడు. “ఒంటికన్నోడని తెలిస్తే గుంట తవ్వడానికి గూడా పిలవరు.”

నేను ఎవరితోనూ అనలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఎనిమిదేళ్ల క్రితం ఫైబర్ కేబుల్ వేసే కాంట్రాక్టరు మనుషుల్ని తీసుకుంటున్నాడని విని దరఖాస్తు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అందులో ‘చూపు’ అని ఒక గడి ఉంది. నేను అతని మొహంలోకి చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ‘బాగుంది’ అని రాశాను. నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది, ఎవరైనా చదవగలరు.

టెలిఫోను తీగల కాలం నుంచీ అతనికి గుంటలు తవ్వడమే పని. కొత్త పని వేరు. ముందు ఖాళీ ప్లాస్టిక్ గొట్టాన్ని భూమిలో పాతేస్తారు. ఆ తర్వాత ఒక చివర కంప్రెసరు పెట్టి, లోపలికి గాలి కొడుతూ, ఆ గాలి మీద చిటికెన వేలుకన్నా సన్నటి కేబుల్‌ని పంపిస్తారు. తాడు కట్టి లాగే పని లేదు. కిలోమీటరు దూరాన్ని పావుగంట, ఇరవై నిమిషాల్లో దాటి కేబుల్ అవతల తల బయటపెడుతుంది. దానికన్నా ముందు రెండు పంపాలి. ఒకటి స్పాంజి, గొట్టంలో బురదా నీళ్లూ తుడుచుకుపోవడానికి. రెండోది బొటనవేలంత నైలాన్ గుండు, గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయిందేమో చూడటానికి.

మిషను దగ్గర శివనాగరాజు ఉండేవాడు. అవతలి చివర యేసుపాదం. వచ్చేది ఎంత దూరంలో ఉందో గొట్టం మూతి పక్కన అరచెయ్యి పెట్టి చెప్పేవాడతను. గాలి మారే తీరును బట్టి తెలుస్తుందనేవాడు. “మూడొందల మీటర్లు దాటింది రా,” అని ఫోనులో చెబితే శివనాగరాజు మీటరు చూసుకుని, “అన్నా, నీ చేతికి మీటరేమన్నా బిగించారా?” అని నవ్వేవాడు. కేబుల్ లోపలి గాజు పోగులు అతికించే పని నేర్చుకోమని ఎన్నిసార్లు చెప్పినా యేసుపాదం ఒప్పుకోలేదు. అది చదువుకున్నోళ్ల పనిరా అనేవాడు. వెంట్రుకంత పోగును ఒక్క కంటితో సూటిగా పట్టుకోవడం కష్టమని శివనాగరాజుకు తెలియదు. గొట్టం చివర అయితే చూపుతో పని తక్కువ. అందుకే ఆ చోటు పట్టుకున్నాడు.

గొట్టం మూతికి బిగించడానికి మిషనుతోపాటు ఒక ఇనుప వల బుట్ట ఇచ్చారు. దూసుకొచ్చే గుండు అందులో పడాలి. మొదటి ఏడాదే అది దర్శి పక్క ఎక్కడో పని దగ్గర పోయింది. సూపర్‌వైజరు వేణుగోపాల్ పైకి రాశానన్నాడు, వస్తుందన్నాడు. ఈలోగా యేసుపాదం ఒక ఉపాయం చేశాడు. ఎరువుల సంచి కడితే గాలి బయటికి పోలేక చిరిగిపోతుంది. మిరపకాయలు నింపే గోనె సంచి అయితే గాలిని వదిలి గుండును ఆపుతుంది. ఒక్కటే షరతు. సంచిని రాత్రంతా కాలవలో నానేసి, బండ మీద బాది, ఎండబెట్టి వాడాలి. ఆ బాదే పని ఎలీసమ్మది. చుట్టుపక్కల మండలాల్లో గొట్టాల పని చేసేవాళ్లంతా ఆ పద్ధతే పట్టుకున్నారు. వల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పోయిన మార్చిలో ఒక ఊరి హైస్కూలుకి లైను ఇస్తున్నారు. పొద్దున్నే లైనులో మొదటి ముక్క ఊదుతుండగానే ఉతికిన సంచి అడుగు చిరిగిపోయింది. సాగర్ కాలవ కట్టేసి నెల దాటింది, నానేసి ఉతికిన సంచి ఇంకోటి లేదు. పక్కనే మిరప కల్లంలో లాల్‌బీ అనే ముసలామె తాలుకాయలు ఏరుతోంది. ఆమెను ఒక సంచి అడిగాడు.

“ఇస్తాగానీ దులుపుకో నాయనా. నిన్నటిదాకా కాయలున్నయి అందులో.”

నాలుగు దులుపులు దులిపి కట్టాడు. శివనాగరాజు స్పాంజి పంపాడు. స్పాంజి వచ్చి సంచికి కొట్టుకుంది. దాని వెనకాల గాలి. గోనె నేతలో ఇరుక్కున్న కారమంతా ఎర్రటి పొగలా లేచి అతని మొహాన పడింది.

తర్వాతి సంగతులు లాల్‌బీ చెప్పినవే. సంచి ఊడబీకి అవతల పారేశాడట. తాగే నీళ్ల సీసా మొత్తం కంట్లో పోసుకున్నాడట. ఆమె తన మజ్జిగ ముంత తెచ్చింది.

“ఇంటికి పో నాయనా. రేపు చేసుకోవచ్చు.”

“పోతే ఎందుకు పోయావంటారమ్మా. కన్ను చూపించమంటారు.”

ఆ మాట ఆమెకు అర్థం కాలేదట. కారం పడితే కన్ను చూపించుకోవడానికి భయమెందుకని అనుకుందట.

ఫోను మోగింది. “అన్నా, గుండు పంపనా? వేణుగోపాల్ గారు ఇక్కడే నిలబడ్డారు.”

“ఒక్క పది నిమిషాలు ఆగరా.”

“ఏందన్నా?”

“ఏం లేదు. చుట్ట కాల్చుకుంటన్నా.”

యేసుపాదం చుట్ట తాగడు. అది శివనాగరాజుకు తెలుసు. ఎగతాళి అనుకుని నవ్వాడు. పది నిమిషాలు గడిచాక మళ్లీ చేశాడు. యేసుపాదం పంపమన్నాడు. సంచి మళ్లీ కట్టలేదు. పక్కకి నిలబడ్డాడు, అది మరిచిపోలేదు. గుండు ముందు నడిచే గాలి గొట్టంలోంచి చల్లగా వస్తోంది. ఎండాకాలం ఆ గాలికి మొహం పెట్టుకోవడం కూలీలందరికీ అలవాటే. కేబుల్ వచ్చేసిన తర్వాత పెట్టుకుంటారు, ముందు కాదు.

సగంలో గాలి ఆగిపోయింది. గుండు ఎక్కడో ఇరుక్కుంది. ఇలాంటప్పుడు మిషను ఆపి, గాలి వదిలేసి, గొట్టం నొక్కుకున్న చోటు వెతికి కోయాలి. ఇక ఈ పూటకు రాదనుకున్నాడు యేసుపాదం. ఫోను తీశాడుగానీ నీళ్లు కారే కంటికి అంకెలు ఆనలేదు. అవతల వేణుగోపాల్, “కొంచెం పెంచి చూడు,” అన్నాడు. శివనాగరాజు పెంచాడు. గొట్టంలో మళ్లీ సన్నగా గాలి కదిలింది.

“చల్లగా ఉందమ్మా, ఒక్క క్షణం,” అంటూ యేసుపాదం వంగి కుడి కన్ను ఆ గాలికి పెట్టాడు.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు గుండు తగిలిన కంటికి కట్టు కడుతూ, “రెండో కన్ను ఎప్పటినుంచి ఇలా ఉంది?” అని అడిగాడట. మంచం పక్కన నిలబడిన శివనాగరాజు అప్పుడు విన్నాడు.

“రెండోదంటే?”

ఎడమ కన్ను సంగతి ఎలీసమ్మ చెప్పింది.

“ఒక్క మాట అనుంటే నేను ఆ చివర పెట్టేవాణ్నా అన్నా?” అన్నాడు శివనాగరాజు.

“పెట్టేవాడివి కాదు. ఇంటికి పంపేవాడివి.”

విచారణకు వచ్చిన ఆఫీసు మనిషి పాత దరఖాస్తు తీసి చూపించాడు. చూపు బాగుంది. దాని కింద యేసుపాదం సంతకం. అబద్ధం చెప్పి చేరాడని రాసుకుని వెళ్లాడు. నేను వెళ్లి ఆ రాత నాదని చెప్పాను. “సంతకం మీది కాదుగా మాస్టారూ,” అన్నాడతను మర్యాదగానే. యేసుపాదం నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

జూన్‌లో ఆ ముక్కలో గొట్టం కోసి, కొత్తది అతికించి, కేబుల్ పంపారు. యేసుపాదం వస్తానని పట్టుబడితే ఎలీసమ్మ, నేను చెరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాం. అతను గొట్టం మూతి కోసం చెయ్యి చాపాడు. వేళ్లకు ఇనుము తగిలింది. నిదానంగా చుట్టూ తడిమాడు. గుండ్రటి చట్రం, బిగించే మరలు, సన్నటి కళ్ల వల.

“ఇదెప్పుడొచ్చింది?”

“ఏప్రిల్‌లో అన్నా,” అన్నాడు అక్కడ నిలబడిన శివనాగరాజు. మిషను దగ్గర ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు.

యేసుపాదం వల పక్కన అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. “ఇంకా రెండొందలుంది,” అన్నాడు. తర్వాత, “వచ్చేసింది, ఆపమను.” శివనాగరాజు ఫోనులో ఆపమన్నాడు. కేబుల్ కొన వలకు వచ్చి ఆగింది.

వల విప్పాక యేసుపాదం ఆ కొనను రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

“ఏం రంగురా?”

“నలుపే అన్నా. ఎప్పుడూ అదేగా.”

“మూత బిగించు. కల్లం పక్కన గదా, గొట్టంలోకి కారం పోద్ది,” అని చెయ్యి చాపాడు. ఎలీసమ్మ పట్టుకుంది.