శిరివెళ్ల దాటాక ఎడమకు లాగిన కారు

చెల్లెలు సరోజకు కాన్పయి ఇరవై రోజులైంది. బిడ్డను చూడటానికి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులోనే పోవచ్చు. అయినా ఆ గురువారం కారులోనే పోతానని పట్టుబట్టాను. దానికి కారణం మా డ్రైవరు ఏసన్న.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన నంద్యాలలో వకీలు. మా పాత కారును ఏసన్న పద్దెనిమిదేళ్లుగా నడుపుతున్నాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. దూరం పోయినప్పుడల్లా కారు ఎడమకు లాగుతోందని ఆ నెలలో రెండుసార్లు చెప్పాడు. మా ఆయన దాన్ని కర్నూలు పంపించి వీల్ అలైన్‌మెంట్ చేయించారు. చక్రాలన్నీ సరిగ్గా ఉన్నాయని అక్కడివాళ్లు కాగితం రాసిచ్చారు. తిరుగుదారిలో మళ్లీ లాగిందన్నాడు ఏసన్న. మరునాడు పొద్దున్నే మా ఆయన స్వయంగా రెండు వీధులు నడిపి చూశారు. కారు ఎటూ తిరగకుండా చక్కగా పోయింది.

"కారులో ఏం లేదు. ఆయప్ప చేతుల్లోనే పట్టు పోయింది. ఒకటో తారీకు నుంచి వేరే మనిషిని పెట్టుకుంటా," అన్నారు నాతో.

వరండాలో టవలు దులుపుతున్న ఏసన్న అలాగే ఆగిపోయాడు. ఆయన విన్నాడని నాకు తెలిసింది. అందుకే పక్కన కూర్చుని నా కళ్లతో చూద్దామనుకున్నాను.

ఆరున్నరకు బయలుదేరాం. ఊరు దాటకముందే ఏసన్న పెట్రోలు బంకులో ఆపి నాలుగు టైర్లలో గాలి చూపించాడు.

"ఎడమ పక్క గాలి తక్కువుంటే బండి అటే లాగుతాదమ్మా. మొదలు అది చూడల్ల," అన్నాడు. గాలి సమానంగానే ఉంది.

కాలువ కింద వరి పచ్చగా ఉంది. ఎడమ చేతివైపు నల్లమల కొండల మీద మంచు ఇంకా విడలేదు. ముందు సీట్లో కూర్చుని నేను రోడ్డు కంటే ఎక్కువగా ఏసన్న చేతులనే చూశాను. మొదటి అరగంటలో ఏమీ కాలేదు. కారు బాగా పోతున్నకొద్దీ ఆయన ముఖం చిన్నబోయింది.

"మొన్న ఇట్ల లేదమ్మా," అన్నాడు మెల్లగా.

ఒక ఊరి దగ్గర జొన్నచొప్ప బండ్లు వరసగా అడ్డమొచ్చాయి. రెండు మూడుసార్లు ఆగి ఆగి దాటాం. ఆ తర్వాత నాలుగు నిమిషాలకు ఆయన కుడిచెయ్యి స్టీరింగును కిందికి లాగి పట్టుకోవడం కనిపించింది.

"ఇప్పుడు చూడమ్మా." రోడ్డు ఖాళీగా ఉన్నచోట వేగం తగ్గించి చేతులు రెండూ ఒక్క క్షణం పైకెత్తాడు. కారు నేరుగా ఎడమ అంచుకు పోయింది. వెంటనే పట్టుకుని తిప్పాడు. "రోడ్డు అంచుకు వాలుంటాది, కొంచెం లాగడం మామూలే. అది ఒక వేలితో సరిపోతాది. ఇది అట్ల కాదు."

తప్పు ఆయన చేతులది కాదని నాకు నమ్మకం కుదిరింది. కానీ ఇంట్లో ఉన్నది వకీలు. నేను చూశానంటే చాలదు, ఎందుకో కూడా చెప్పాలి.

ఏడున్నరకు శిరివెళ్లలో టీ కొట్టు ముందు ఆగాం. టీ తాగి, బండి చల్లారాక ఏసన్న జాకీ తీసి ముందు చక్రాలు రెండూ విప్పి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చడం మొదలుపెట్టాడు. తప్పు టైరుదైతే ఇప్పుడు కుడికి లాగాలట. కొట్టాయన నాకు స్టూలు తెచ్చి నీడలో వేశాడు.

"కూచోమ్మా. ఆయప్పకు ఇంకా శానాసేపు పడ్తాది," అన్నాడు.

నలభై నిమిషాలు పట్టింది. మళ్లీ బయలుదేరితే కారు కుడికీ లాగలేదు, ఎడమకూ లాగలేదు. రెండు కిలోమీటర్లు పోయాక ఏసన్న ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "విప్పి బిగించేసరికి కుదిరిందేమో లేమ్మా," అన్నాడు. నేనూ నవ్వాను.

అంతలో మేకల మంద రోడ్డెక్కింది. బ్రేకు గట్టిగా తొక్కాడు. మేకలు కాసే ఆమె కర్రతో వాటిని అదిలిస్తూ, "ఏందన్నా, అంత తొందరగా యాడికి పోతాండావ్?" అంది. మంద దాటింది. మేం కదిలాం. కాసేపటికే కారు మళ్లీ ఎడమకు లాగింది.

ఏసన్న రోడ్డు పక్కన ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఏసన్నా, మేకలు రాకముందు సరిగ్గానే పోయింది గదా. అంతకుముందు కూడా చొప్పబండ్ల దగ్గర బ్రేకులు తొక్కినాకే లాగింది."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. గబగబా దిగి ఎడమ ముందు చక్రం దగ్గర కూర్చుని, చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు.

"ఇటు రామ్మా. తాకొద్దు, దగ్గర పెట్టు చాలు."

పొయ్యి మీది పెనం దగ్గర చెయ్యి పెట్టినట్టుంది. కుడి చక్రం కొంచెం వెచ్చగా ఉంది, అంతే.

"తొక్కిన బ్రేకు వదలడంల్యా. ఈ చక్రం పట్టుకునే ఉండాది. బండి నిలబెడితే కొంచేపటికి దానంతట అదే వదులుతాది. సారు నడిపింది పొద్దున్నే గదా, ఆయనకు యాడ తెలుస్తాది?" అన్నాడు ఏసన్న. ఆ మాటలో కోపం లేదు.

మిగిలిన దూరం నెమ్మదిగా పోయి తొమ్మిదింటికి ఆళ్లగడ్డ చేరాం. శిల్పులు రాళ్లు చెక్కే చోటికి దగ్గర్లో బాషా అనే మెకానిక్ షెడ్డు ఉంది. ఉలి చప్పుళ్ల మధ్య బాషా చక్రం పైకి లేపి నన్ను సీట్లో కూర్చోబెట్టాడు.

"బ్రేకు తొక్కమ్మా. ఇప్పుడు వదులు."

వదిలాను. బాషా చేత్తో తిప్పినా చక్రం తిరగలేదు. వెనకనున్న చిన్న నట్టు వదులు చేయగానే బ్రేకు నూనె చివ్వున చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది. చక్రానికి బ్రేకు నూనె తెచ్చే రబ్బరు గొట్టాన్ని బాషా ఊడదీసి కోసి చూపించాడు. పైకి బాగానే ఉంది, లోపల మాత్రం వాచి పూడిపోయింది.

"కాలుతో తొక్కితే నూనె ఆ జోరుకు లోపలికి పోతాది. తిరిగి రావడానికి దోవ ల్యా. అలైన్‌మెంట్ చేసినోళ్ల తప్పు కాదమ్మా, చక్రాలు సరిగ్గానే ఉండాయి," అన్నాడు.

రెండు పక్కలా కొత్త గొట్టాలు వేయించాం. పాతవి కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

పదకొండింటికి సరోజ ఇంట్లో ఉన్నాం. బిడ్డ నిద్రపోతూనే నా వేలు పట్టుకుంది. చెనక్కాయల పచ్చడితో ఏసన్న నాలుగు జొన్నరొట్టెలు తిన్నాడని, ఈయప్ప ఎప్పుడూ రెండే తింటాడు గదా అని సరోజ ఆశ్చర్యపోయింది.

మూడున్నరకు తిరుగు ప్రయాణం. కొండలిప్పుడు కుడిచేతివైపు ఎండలో స్పష్టంగా కనిపించాయి. బండ్లొచ్చాయి, బస్సులొచ్చాయి, ఎన్నోసార్లు బ్రేకు తొక్కాం. కారు లాగలేదు.

"సారు మాటకు భయపడినావా ఏసన్నా?" అని అడిగాను.

"భయం కాదమ్మా. నాకే అనుమానం వచ్చిండ్య. మూడు దినాల నుంచి ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెంబు నిండా నీళ్లు పోసి చేత్తో పట్టుకుని నిలబడ్తాండా. ఒలుకుతాయా లేదా అని."

"ఒలికినాయా?"

"ల్యామ్మా. అయినా నమ్మకం కుదరల్యా."

ఐదింటికి ఇల్లు చేరాం. ఇంజను ఆపవద్దని ఏసన్నకు చెప్పి మా ఆయనను పిలిచాను. కోసిన గొట్టం చేతికిచ్చి, జరిగినదంతా చెప్పి, కారు వేడి మీద ఉన్నప్పుడే నడిపి చూడమన్నాను. ఆయన ఊరి బయటిదాకా పోయి పావుగంటకు తిరిగొచ్చారు. దిగి, గొట్టాన్ని మళ్లీ ఒకసారి వెలుతురుకు పట్టి చూశారు. ఏసన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏసన్నా, నేను అనకూడని మాట అంటి," అన్నారు మా ఆయన. "సోమవారం కర్నూలు కోర్టుకు పోవల్ల. ఆరింటికి రా."

"ఐదున్నరకే వస్తా సార్. పొద్దున బండ్లు తక్కువుంటాయి," అన్నాడు ఏసన్న.

ఆ తర్వాత ఆ కారులోనే చాలా ఊళ్లు తిరిగాను, బెలుం గుహల దాకా పోయాను. చూడదగ్గవి ఆ దారుల్లోనే ఎక్కువ. అయినా ఎవరైనా మీకు నచ్చిన ప్రయాణమేదంటే, నలభై కిలోమీటర్లకు రెండున్నర గంటలు పట్టిన ఆళ్లగడ్డ ప్రయాణమనే చెబుతాను.