వసంత ఆంటీ కత్తి పాఠం

చెమటకు తడిసిన దూది కోటు వాసన, ఇనుము వాసన కలిస్తే మా కారు డిక్కీ. శనివారం పొద్దున అది తెరవగానే మా ఆయన ముక్కు మూసుకుంటాడు. నాకు మాత్రం వసంత ఆంటీ పక్కనే నిలబడ్డట్టుంటుంది.

ఆవిడ వరంగల్‌లో చరిత్ర చెప్పిన లెక్చరర్. అమెరికా వచ్చి హెర్న్‌డన్‌లో కూతురి దగ్గర స్థిరపడ్డాక ఊరికే కూర్చోలేక, మధ్యయుగాల కత్తియుద్ధం నేర్పే క్లబ్బులో చేరి, చివరికి అక్కడే గురువయ్యారు. సల్వార్ మీద దెబ్బలు ఆపే దూది కోటు, తలకు జాలీ ఉన్న ఇనుప టోపీ. మొదటిసారి చూసి నవ్వుకున్నాను. ఆవిడ కత్తి ఎత్తాక ఆ నవ్వు మాయమైంది.

అప్పుడు నేను ఎమ్మెస్ విద్యార్థిని. కొన్నాళ్ల ముందే, పట్టపగలు మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒకడు నా మెడ పట్టుకుని బ్యాగ్ లాక్కుపోయాడు. నేను అరవలేదు, కదల్లేదు. "కనీసం హెల్ప్ అని అరవాల్సింది కదే, అలా ఫ్రీజ్ అయిపోతే ఎలా?" అన్నారు రూమ్మేట్లు. ఆ మాట గుచ్చుకుంది. పిరికిదాన్నని ఒప్పుకోలేక, ధైర్యం నేర్చుకుందామని క్లబ్బులో చేరాను.

ఎదురెదురుగా నిలబడిన తొలిరోజు ఆంటీ మొద్దు కత్తి ఎత్తి ముందుకొచ్చారు. నా చెయ్యి లేవలేదు. మళ్లీ అదే! ఆవిడ ఆగి, టోపీ తీసి, కత్తి దించి నా పక్కకు వచ్చారు.

"భయమైందా బిడ్డా? నాక్కూడ అయితది."

"మీకా ఆంటీ?"

"మరి? బుర్రకథల ఒక్కడే వందమందిని నరుకుతడు. నిజం యుద్ధంల జరసేపు కొట్టుకునుడు, ఆయాసమొచ్చి ఎన్కకు జరుగుడు, ఒకల్నొకలు చూస్కుంట నిలబడుడు. కత్తి పట్టుకొని కట్టెలెక్క బిగుసుకపోయినోళ్లు ఎంతమందో. శాసనాలల్ల వాళ్ల ముచ్చట రాయరు, గంతే."

అప్పుడు పార్కింగ్ సంగతి, రూమ్మేట్లు అన్నమాట చెప్పేశాను. ఆవిడ జాలిపడలేదు, మండిపడ్డారు.

"ఆ పోరీలకేం ఎరుక? ఏండ్లకొద్ది సాము చేసిన సిపాయిలే ఫ్రీజ్ అయిండ్రు. మెడ మీద చెయ్యి పడితే నువ్వు బిగుసుకపోవుడు తప్పెట్లయితది? బతికొచ్చినవ్. ఆ పొద్దు నీ పని గదే."

గుండె మీది బండ దించినట్టయింది. తలకున్న జాలీ టోపీలో ఏడిస్తే కళ్లు తుడుచుకునే దారి లేదు. నా తిప్పలు చూసి ముందు ఆవిడ నవ్వారు, తర్వాత నేను. ఆ రోజు ఇంటికి వెళ్లి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయాను.

ఆంటీ ఇప్పుడు లేరు. కత్తి నాకు గొప్పగా అబ్బనూ లేదు. ఎదుటివాళ్లు మీదికొస్తే ఇప్పటికీ ఒక్క క్షణం బిగుసుకుపోతాను. సిగ్గుపడటం మాత్రం మానేశాను. ఆ పార్కింగ్ సంగతి ఎవరైనా అడిగితే "ఏమీ చేయలేకపోయాను" అనను. "బతికొచ్చాను" అంటాను.