మౌలాలి కట్టిన బెల్టులు

మౌలాలి కువైట్‌లో పదిహేడేండ్లు రికవరీ బండి నడిపినాడు. రోడ్డు మీద ఆగిపోయిన కార్లను, గుద్దుకున్న కార్లను బండి మీదికి ఎక్కించి, కట్టి, షెడ్డుకు చేర్చే పని. మొదటి రెండేండ్లు ఒక మలయాళీ పెద్దాయన కింద నేర్చుకున్నాడంట. బెల్టు వదులుగా కనిపిస్తే ఆ పెద్దాయన తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. నాలుగు బెల్టులూ విప్పి నేల మీద పడేసి, మళ్లీ మొదటి నుంచి కట్టమని పక్కన నిలబడేవాడంట, ఆ ఎండలో.

"అట్ల నేర్చుకున్న పని అప్పా. నాకు మర్చిపోవాలన్నా కాదు" అనేవాడు నాతో.

నాది ప్రొద్దుటూరులో కొర్రపాడు రోడ్డు మీద రేడియేటర్లు బాగుచేసే అంగడి. మౌలాలి కువైట్ వదిలేసి వచ్చినాక, మా అంగడి పక్కనుండే ఖాళీ జాగాలోనే ట్రైలర్ చేయించుకున్నాడు. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, ఎక్కించడానికి రెండు ఇనుప పలకలు. వెల్డింగ్ చేసే హబీబుల్లాతో ప్రతి అతుకు దగ్గరా కొట్లాడినాడు. ఒక అతుకు మూడుసార్లు కోయించినాడు. రోడ్డున పొయ్యేవాళ్లు నవ్వేవాళ్లు. ఒక తాడు కట్టి ట్రాక్టర్‌తో ఈడ్చుకొని పోయేదానికి ఇంత ఆర్భాటమా అని.

ట్రైలర్‌ను లాగే బొలెరో అతని బామ్మర్ది ఇనాయతుల్లాది. మౌలాలికి పిల్లల్లేరు. భార్య దిల్షాద్‌బీకి తల్లి చిన్నప్పుడే పోతే, ఆరేండ్ల తమ్ముణ్ణి ఆమే సాకింది. ఇనాయతుల్లాకు ముప్పై దాటినా ఆమెకు ఇంకా ఆరేండ్ల పిల్లోడే. ఇద్దరూ కలిసి ఆగిపోయిన కార్లను వల్లూరు నుంచి, ఎర్రగుంట్ల నుంచి మెకానిక్కుల దగ్గరికి తెచ్చేవాళ్లు. పని తక్కువ. అయినా మౌలాలి సంతోషంగా ఉండేవాడు. కారు కట్టినాక చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి బెల్టు మీద అరచేత్తో కొట్టి చూసేవాడు. ఆ చప్పుడును బట్టి బిగువు తెలుస్తుందనేవాడు.

పోయిన సంవత్సరం నాగేంద్ర కారు పని వచ్చింది. నాగేంద్ర పులివెందుల వైపు పెద్ద రైతుల ఇంటివాడు. చీనీకాయల తోటలు, టిప్పర్లు, క్రషర్. వాళ్ల తాత ఎప్పుడో మద్రాసులో కొన్న ప్లిమత్ కారు ముప్పై ఏండ్లు కోళ్లకు గూడుగా పడి ఉండె. దాన్ని ప్రొద్దుటూరులో ఒక షెడ్డుకిచ్చి ఏడాదిన్నర బాగుచేయించినాడు. నల్ల రంగు, మొహం కనిపించేంత నునుపు. ముందర పండ్లు బయటపెట్టి నవ్వినట్లు పెద్ద వెండి జాలీ. తాత విగ్రహం ఊర్లో ఆవిష్కరించే రోజుకు ఆ కారు అక్కడుండాలని పట్టుబట్టినాడు. ఇంజన్ తిరుగుతుంది గానీ అంత దూరం నడిపే ధైర్యం ఎవరికీ లేదు.

"గీత పడితే ఊరుకోను" అన్నాడు నాగేంద్ర.

"పడదన్నా" అన్నాడు మౌలాలి. నాగేంద్ర అతని కంటే పన్నెండేండ్లు చిన్న. అయినా అన్నా అనే పిలవాల.

ఆ పొద్దున కారు ఎక్కించేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. కారు ముందరి వైపు బొలెరో దిక్కే పెట్టి, ఇంచి ఇంచీ చూసుకుంటూ ఎక్కించినాడు. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టి, నాలుగు చక్రాల మీదా నాలుగు బెల్టులు వేసినాడు. రంగుకు బెల్టు తగిలేచోట పాత దుప్పటి ముక్కలు మడిచి పెట్టినాడు. అంతా అయినాక ట్రైలర్ ఎక్కి కారును భుజంతో నూకి చూసినాడు. కారూ ట్రైలరూ ఒక్కటిగా కదిలినాయి.

నేరుగా ముద్దనూరు మీద పోవచ్చు. కానీ జమ్మలమడుగులో నాగేంద్ర అత్తగారింటి వాళ్లు కారుకు పూలమాల వేయాల, అక్కణ్ణుంచి ఊరేగింపుగా పోవాల. కాబట్టి జమ్మలమడుగు పోయినారు. అక్కడ జరిగింది తర్వాత మౌలాలి నాతో చెప్పినాడు. ఇంకెవరితోనూ చెప్పలేదు.

జమ్మలమడుగులో ఆగినాక, మొదటి ఇరవై కిలోమీటర్లకు బెల్టులు కొంచెం సాగుతాయి గనక, మౌలాలి ఒక్కొక్కటీ మళ్లీ బిగిస్తాండాడు. ముప్పై మోటార్ సైకిళ్లు, నాలుగు జీపులు తయారుగా ఉన్నాయి. నాగేంద్ర వచ్చి కారును చూసి మొహం చిట్లించినాడు.

"ఏంది మౌలాలీ, కారు మొహం బొలెరోకు పెట్టినావు? వెనకాల వచ్చేటోళ్లకు డిక్కీ కనపడాల్నా? వీడియో తీసేది వెనకనుంచి. తిప్పు."

"తిప్పకూడదన్నా. ఇంజన్ బరువంతా ముందరుంది. ఆ బరువు కొంచెం బొలెరో మీద పడితేనే ట్రైలర్ బుద్ధిగా వెనకాల వస్తాది. తిప్పితే బరువంతా తోకకు పోతాది. దిగుడులో వేగం వచ్చినాక తోక ఊగుతాది. ఒకసారి ఊగడం మొదలుపెడితే ఎవురూ ఆపలేరు."

"పదిహేడేండ్లు అరబ్బోళ్లకు పనిచేసినావని మాకు పాఠాలు చెప్తాండావా?"

మౌలాలి వంగి ట్రైలర్ కొక్కెం పిన్ను పీకినాడంట. "అయితే నా ట్రైలర్ రాదన్నా" అన్నాడంట. నాగేంద్ర మనిషొకడు ఆ పిన్ను అతని చేతిలోంచి లాక్కున్నాడు. ఇంకొకడు రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినాడు. గట్టిగా కాదు, నవ్వుతూనే. ఇనాయతుల్లా పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, పదిమందిలో ఎందుకు? మెల్లగా తీసుకుపోతాలే. వీళ్లతో పెట్టుకుంటే మనం బతుకుతామా?"

పదిమంది కుర్రోళ్లు కారును కిందికి దించి, తిప్పి, మళ్లీ ఎక్కించినారు. తర్వాత కొబ్బరి తాడు తెచ్చి బంపరుకు ముళ్లు వేయబోయినారు. మౌలాలి చూస్తా ఉండలేకపోయినాడు. ఎట్లాగూ పోతారు, కనీసం కట్టడమన్నా సరిగ్గా ఉండనీ అనుకొని, వాళ్లను పక్కకు జరిపి, నాలుగు బెల్టులూ తనే కట్టినాడు. బామ్మర్దిని దగ్గరికి పిలిచి చెప్పినాడు.

"ముప్పై దాటొద్దు. ఊగితే బ్రేకు తొక్కొద్దు. యాక్సిలేటర్ మీద కాలు తీసేసి స్టీరింగు నిలకడగా పట్టుకో. వింటాండావా?"

"వింటాండా బావా."

బొలెరోలో మౌలాలికి చోటు లేదు. ముందర సీట్లో నాగేంద్ర మామ, ఆయన వొళ్లో తాత పటం, వెనకాల వాళ్ల మనుషులు. మౌలాలి బస్టాండుకు నడిచిపోయి ప్రొద్దుటూరు బస్సెక్కినాడు.

ముద్దనూరు దాటినాక దిగుడు ఉంది. వెనకాల ముప్పై బండ్లు హారన్లు కొడతాంటే, పక్కన కూర్చున్న నాగేంద్ర మామ ముహూర్తం దాటిపోతాందంటే, ఇనాయతుల్లా అరవైకి పోయినాడు. తోక ఊగింది. భయపడి బ్రేకు తొక్కినాడు. ట్రైలర్ అడ్డం తిరిగి, బొలెరోను కూడా తిప్పేసి, రోడ్డు పక్కకు పోయి పడింది.

ఆ పక్కన నారాయణ అనే రైతు నిలబడి ఉన్నాడు. ఊరేగింపుకు దారి ఇద్దామని తన మోపెడ్ పక్కకు ఆపుకొని. మోపెడ్ వెనక రెండు మోపుల పచ్చిగడ్డి. ఆయన అక్కడికక్కడే పోయినాడు.

బొలెరోలో ఉన్నవాళ్లకు దెబ్బలే. మరుసటి రోజు పేపర్లో ఫోటో వచ్చింది. ట్రైలర్ ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. ప్లిమత్ కారు మాత్రం దాని మీదే ఉంది. నాలుగు బెల్టులూ బిగువుగా కనిపిస్తాండాయి. కారు ఇంచు కూడా జరగలేదు.

కానీ స్టేషన్‌లో రాసింది వేరే. కారును వదులుగా కట్టడం వల్ల, బెల్టు జారి, బరువు పక్కకు పోయి ట్రైలర్ తిరగబడిందని. తాత విగ్రహం రోజున తన మాట వల్ల మనిషి చచ్చినాడంటే నాగేంద్రకు ఊర్లో తలెత్తుకునేది ఎట్లా? తిప్పమన్నది ఎవరో, దిగుడులో తొందర పెట్టింది ఎవరో కాగితంలో లేదు. వెనకాల ముప్పై బండ్ల వాళ్లు ఫోన్లు పట్టుకొని తీసినారు గదా, ఒక్క వీడియో కూడా బయటికి రాలేదు.

మౌలాలి ఒప్పుకోనన్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు దిల్షాద్‌బీ అతని ముందర వచ్చి కూర్చుంది.

"ఇనాయత్‌కు కువైట్ డ్రైవర్ వీసా వచ్చింది, తెలుసు గదా. కేసు వాడి మీదికి పోతే పాస్‌పోర్టు పోతాది. వాడి బతుకు ఈడనే ఆగిపోతాది. మనకు యాడికి పొయ్యేది ఉంది? మనకు ఎవురున్నారు?"

"నేను వదులుగా కట్టినానని చెప్పమంటావా?"

"అంటే ఏమైతుంది? మాటే గదా."

"మాటే" అన్నాడు మౌలాలి. లేచి, చొక్కా తొడుక్కొని, స్టేషన్‌కు పోయి సంతకం పెట్టినాడు. రాసిందాన్ని చదివి వినిపించమని కూడా అడగలేదు.

నాకు జరిగింది మొత్తం తెలుసు. పొద్దున కట్టింది కళ్లతో చూసినవాణ్ణి. నేను పోయి చెప్పి ఉండొచ్చు. పోలేదు. నా అంగడికి వచ్చే రేడియేటర్లలో సగం నాగేంద్ర టిప్పర్లవే.

ఇనాయతుల్లా నెల తిరక్కముందే కువైట్ పోయినాడు. శుక్రవారం శుక్రవారం అక్కకు ఫోన్ చేస్తాడు. బావకు ఇవ్వమంటే, నమాజుకు పోయినాడని ఆమె చెప్తుంది. మౌలాలి ఇంట్లోనే, గోడకు ఆనుకొని కూర్చొని వింటాంటాడు. నాగేంద్ర ప్లిమత్‌ను మళ్లీ బాగుచేయించుకొని అద్దాల గదిలో పెట్టుకున్నాడు. ట్రైలర్ ఇప్పటికీ స్టేషన్ ఆవరణలోనే తుప్పు పడతాంది.

మౌలాలిని ఎవరూ పనికి పిలవరు. కారు కట్టడం రాక మనిషిని చంపినోడని పేరు పడింది. మెకానిక్కులు కూడా, బాగా తెలిసినవాళ్లు కూడా, అట్లే అంటారు. అతను రోజూ పొద్దున నా అంగడికి వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. మాట్లాడేది తక్కువ.

మొన్న వేసవిలో ఒకామె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. యాభై ఏండ్లుంటాయి. చేతిలో గుడ్డ సంచి. నారాయణ భార్య నిర్మలమ్మ.

"మౌలాలి అంటే నువ్వేనా అప్పా?"

అతను లేచి నిలబడినాడు. "నేనేమ్మా."

ఆమె అరవలేదు, ఏడవలేదు. అతని చేతుల వైపు చూస్తా అడిగింది. "ఇంకొంచెం గట్టిగా కట్టుంటే ఏమయ్యేదప్పా? ఒక్క నిమిషం పట్టేదా? అంత తొందరేం వచ్చింది నీకు?"

మౌలాలి నోరు తెరిచినాడు. నేను చేతిలో పని ఆపేసినాను. చెప్తాడనుకున్నాను.

"తప్పు నాదేమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపి, ఎండలో బస్టాండు వైపు పోయింది. నాకు ఆపుకోలేనంత కోపం వచ్చింది.

"ఆమెకన్నా నిజం చెప్పకూడదా మౌలాలీ? ఆమెకన్నా?"

"చెప్తే ఏం చేస్తాదప్పా?" అన్నాడు. "ఆమె చేను నాగేంద్ర చేను పక్కనే. నీళ్లు ఆయన కాలవ నుంచే రావాల. ఆయన మీద కోపం పెట్టుకొని ఆమె ఆడ బతకలేదు. నా మీదైతే పెట్టుకోవచ్చు."

నిజం చెప్పమని అడిగే అర్హత నాకు లేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతను కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. వచ్చే సోమవారం కేసు వాయిదా ఉందని, వకీలు పది గంటలకే రమ్మన్నాడని చెప్పి, ఇంటి వైపు నడిచిపోయినాడు.