గాజు తలుపు దగ్గర దేవర పొట్టేలు

అంగళ్లకు ఇంకా గాజు తలుపులు రాని ఆ రోజుల్లో కుక్కకు వీధి, ఎనుముకు కొట్టం, మనిషికి అంగడి అని ఎవరూ రాసిపెట్టకుండానే పంపకాలు జరిగిపోయి ఉండేవని నేను నలుగురిలో గట్టిగా చెప్తూ ఉంటాను. అది శుద్ధ అబద్ధం. అబద్ధమని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ జిల్లాలోనే లేరు. అయినా ఎందుకు చెప్తానంటే, చెప్పకపోతే ఓడిపోతాను. (చెప్పినా ఓడిపోతున్నాను, అది వేరే సంగతి.) మొన్న చిక్కబళ్లాపురంలో కొత్తగా తెరిచిన పెద్ద అంగట్లో క్యాబేజీ ఏరుకుంటూ ఉంటే, పక్కనే తోపుడుబండిలో స్వెటరు తొడుక్కుని కూర్చున్న కుక్క ఒకటి మెడ చాపి, నేను చూసి పక్కన పెట్టిన గడ్డను నాకింది. నేను వద్దనుకున్న గడ్డే అనుకోండి, న్యాయం న్యాయమే కదా. అది కుక్క కాదు, మా బిడ్డ అన్నది దాని యజమానురాలు. బిడ్డయితే బడికి పంపమ్మా, కూరగాయల దగ్గర దానికేం పని అన్నాను. మేనేజరు పరుగున వచ్చి, గొంతు తగ్గించమని నన్నే బతిమాలి, కుక్క తల నిమిరి పోయినాడు. అప్పుడు నా కడుపున పుట్టిన కూతురు, అంతమంది ముందర, "పొట్టేలును తోలుకుని ఉద్యోగానికి పోయిన మనిషివి, నీకెందుకమ్మా ఈ గలాటా?" అన్నది. నా నోరు మూతపడింది. ఎందుకు మూతపడిందో చెప్తాను, మీరైనా నా పక్షం మాట్లాడండి.

నేను బి.కామ్ ముగించిన ఏడాది చింతామణిలో ఒక పట్టుచీరల అంగట్లో బిల్లులు రాసే పని దొరికింది. మాది బాగేపల్లి పక్కన పల్లె, ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. ఆడపిల్ల ఊరు దాటి ఉద్యోగం చెయ్యడమా అని మా నాయన మొదట ఒప్పుకోలేదు. చివరకు చింతామణిలోనే ఉన్న మా మేనత్త ఇంట్లో ఉండేటట్టు, మా ఊరి అమ్మవారి దేవర జాతరలోగా అంగడి సావుకారు నన్ను పర్మనెంటు చేసేటట్టు ఒప్పందం కుదిరింది. చెయ్యకపోతే మూటా ముల్లే కట్టుకుని వచ్చి పురుగులకు ఆకు వెయ్యాలి. మీరెప్పుడైనా పట్టుపురుగులు ఆకు మేసే చప్పుడు విన్నారా? రేకుల మీద వాన పడినట్టు ఆగకుండా ఉంటుంది. ఆ చప్పుడుకు తిరిగి పోవడంకన్నా ఏ గడ్డి కరవడానికైనా సిద్ధంగా ఉన్నాను నేను.

సావుకారు మంచివాడు, పాతకాలపు మనిషి. ఊళ్లో అందరికంటే ముందు గాజు తలుపు పెట్టించినాడు గానీ, దాని మర్యాద ఆయనకు తెలియలేదు. సంతకు వచ్చినవాళ్లు చంకలో కోడితో, కొంగు పట్టుకున్న మేకపిల్లతో అట్లే లోపలికి వచ్చేవాళ్లు. ఒక కోడి పెండ్లిచీర మీద చేసిన పనికి నేను రోజంతా వాదించి, పెంపుడు జంతువులతో లోపలికి రాకూడదని కన్నడంలో, తెలుగులో నా చేత్తోనే బోర్డు రాసి తగిలించినాను. ఇంగ్లీషులో కూడా రాయమ్మా, చదివేవాళ్లు లేకపోయినా గట్టిగా ఉంటాదని సావుకారు సలహా ఇచ్చినాడు. ఆ బోర్డు చూసుకుని నేను పొంగిపోయిన పొంగు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

మా అత్త దగ్గర ఒక పొట్టేలు ఉండేది. తల్లి చస్తే డబ్బాపాలతో పెంచి, దేవరలో బలి ఇస్తానని మొక్కి వదిలింది. పేరు దొర. దేవరకు వదిలిన పొట్టేలు సంగతి మా పక్క అందరికీ తెలుసు. దాన్ని కట్టెయ్యకూడదు, కొట్టకూడదు, అది ఏ ఇంట్లో దూరినా తరమకూడదు. కాబట్టి దొర అత్త వెంట రేషనంగడికి పోయేది, బ్యాంకుకు పోయేది, కంటి డాక్టరు దగ్గర బెంచీ పక్కన తన వరస వచ్చేదాకా నిలబడేది. ఒకనాడు పొద్దున్నే, అంగట్లో ఇంకా బోణీ కాకముందే, అత్త రవికెగుడ్డకని వచ్చింది. వెనకాల దొర. నేను గాజు తలుపుకు అడ్డంగా రెండు చేతులు చాపి, అత్తా, బోర్డు చూడు అన్నాను.

"చదువొచ్చినదానివి నువ్వు చూడు. బోణీకి వచ్చినదాన్ని వాకిట్లో నిలేస్తాండావే, మీ సావుకారు అన్నం తినల్లా వద్దా?" అన్నది అత్త.

బోణీ అన్న మాట చెవిన పడగానే సావుకారు గద్దె దిగి వచ్చేసినాడు. మొదటి బేరాన్ని వెనక్కి పంపితే ఆ దినమంతా అంగడి నిద్రపోతుందని ఆయన నమ్మకం. దానికి తోడు దేవర పొట్టేలు. నన్ను పక్కకు తోసి, రామ్మా, రాప్పా అని ఇద్దరినీ పిలిచినాడు. (ఆ 'రాప్పా' దొరకు.) దొర నేరుగా నిలువుటద్దం ముందరికి పోయింది. నేను లోపల లెక్క వేసుకున్నాను. అద్దంలో ఇంకొక పొట్టేలు కనపడుతుంది, ఇది రెండడుగులు వెనక్కి వేసి కుమ్ముతుంది, అద్దం పగులుతుంది, బోర్డు గెలుస్తుంది. దొర తన మొహం ఎడమ పక్క చూసుకుంది, కుడి పక్క చూసుకుంది, తృప్తిగా నెమరు వేసింది. నా ఖర్మ. అద్దం పగలకపోగా, అత్త ఇంకా రవికెగుడ్డ చింపించుకుంటూ ఉండగానే మదనపల్లి బస్సు దిగిన పెండ్లివాళ్లు గుంపుగా లోపలికి వచ్చి, ఆ పూట అరలు ఖాళీ చేసి పోయినారు.

మర్నాడు నేను పనికి పోతే సావుకారు నా మొహం చూడలేదు, నా వెనకాల చూసినాడు. "దొర యాడమ్మా?" అన్నాడు. ఇంట్లో ఉండాది అన్నాను. పోయి పిల్చుకుని రా, బోణీ చేసి పోతాదిలే అన్నాడు. బోర్డు మాటేమిటని అడిగితే, అది పెంపుడు జంతువుల గురించి కదమ్మా, దేవర సొమ్మును మనం పెంచడమేమిటి అన్నాడు. బి.కామ్‌లో దీనికి జవాబు చెప్పలేదు. ఆనాటినుంచి రోజూ పొద్దున్నే చింతామణి బస్టాండు నడుమ దొర ముందు, ఇస్త్రీ చీర కట్టుకుని నేను వెనక. ఎదురైన ఒక పెద్దాయన, ఏం చదివినావమ్మా అని అడిగితే బి.కామ్ అన్నాను. ఆయన దొర వైపు తిరిగి, మరి ఇదేం చదివింది అన్నాడు. మెడలో గంట, కొమ్ములకు పసుపు, దానికి గాజు తలుపు తెరిచి పట్టుకుని నేను. తలుపు మీద నా చేతిరాత.

దేవర ఎప్పుడొస్తుందా, ఈ పీడ ఎప్పుడు వదులుతుందా అని నేను లెక్కపెట్టుకుంటూ ఉంటే, వచ్చింది. అంతకు పది దినాల ముందు సావుకారు నన్ను పిలిచి, ఈ వారంలో నిన్ను పర్మనెంటు చేస్తాను అన్నాడు. నేను ఎగురుకుంటూ ఇంటికి పోయి చెప్తే, మా అత్త గోడకు ఆనుకుని కూలబడింది. దొర వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టింది.

"నీకు పర్మనెంటు ఉద్యోగమైతే దీన్ని ఇస్తానని మొక్కుకున్యానే పాపా," అన్నది. "ఇంత తొందరగా అవుతాదని నేనేమన్నా కలగన్యానా?"

పర్మనెంటు కాకపోతే నేను పురుగుల చప్పుడుకు పోవాలి. పర్మనెంటు అయితే దొర దేవరకు పోవాలి. దొర పోతే సావుకారు బోణీ పోతుంది, బోణీ పోయినాక ఆయనకు నేనెందుకు? మర్నాడు పొద్దున దొర నాకంటే ముందే గడప దాటి, వీధిలో నిలబడి, వెనక్కి తిరిగి నా కోసం చూసింది. ఆ చూపును గురించి నేనేమీ చెప్పను. నేను చేసినదంతా ఉద్యోగం కోసమే చేసినాను. మీరు కూడా అట్లే అనుకోండి.

అంగట్లోకి పోతూనే, నాకు పర్మనెంటు వద్దు సావుకారప్పా అన్నాను. ఆయన నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసినాడు. మొక్కు సంగతి చెప్పినాక మాత్రం, ఆయన మొహంలో అంత వెలుగు మళ్లీ నేను చూడలేదు. ఇక మా నాయన మిగిలినాడు. జాతరలోగా అన్నావు, కాలేదు, బయలుదేరు అని వచ్చి కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోపల అత్త అందుకుంది.

"మొక్కు నడుమ ఉండాదన్నా. పాప పనిలో ఉన్నంతవరకే పొట్టేలు అమ్మవారిది. పని మానిపించి, ఆయమ్మకు ఏం జవాబు చెప్తావో నువ్వే చెప్పుకో."

మా నాయన దొరను చూసినాడు, నన్ను చూసినాడు, చెప్పులేసుకుని బాగేపల్లి బస్సెక్కినాడు.

అట్లా కుదిరింది నా బతుకు. తీరని మొక్కుకు కట్టేసిన మనిషిని నేను, కట్టెయ్యకూడని పొట్టేలు అది. నా తర్వాత చేరినవాళ్లందరూ పర్మనెంటు అయిపోయినారు, జీతాలు పెరిగినాయి. చీరలు మడతపెట్టే పిల్ల కూడా నన్ను చూసి, పాపం అక్కకు ఏదో తక్కువ ఉండాది అనుకునేది. నేను తాత్కాలికంగానే పని చేసినాను, తాత్కాలికంగానే బిల్లులు రాసినాను, పెండ్లి ఒక్కటి పర్మనెంటుగా చేసుకుని, మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చున్నాను. దొర ముసలిదైంది. చూపు తగ్గి అద్దం ముందు నిలవడం మానేసింది గానీ బోణీ మానలేదు. ఒక ఎండాకాలం పొద్దున అత్త ఇంటి గడపలో పడుకుని, నేను పిలిస్తే లేవలేదు. ఆ దినం సావుకారు తలుపు సగం మూసినాడు. నెల తిరగకుండా నన్ను పర్మనెంటు చేసినాడు. ఇంటికి పోయి ఏడ్చినాను, సంతోషంతో అని మా ఆయన అందరికీ మిఠాయి పంచినాడు.

ఇప్పటికీ నా మాట ఒకటే, అంగట్లోకి జంతువులు రాకూడదు. ఎవరైనా రండి, వాదిస్తాను. అయితే మొన్న ఆ కుక్క గలాటా నుంచి కూతురు నన్ను బయటికి ఈడ్చుకుని వస్తూ, అమ్మా, ఎవరూ రావడం లేదు కదా, తలుపెందుకు పట్టుకుని నిలబడినావు అన్నది. చూసుకుంటే నిజమే. ఏ అంగడి గాజు తలుపు తోసినా నేను వెంటనే వదలను. నా మోకాలంత ఎత్తులో ఇంకొకరు లోపలికి వచ్చేదాకా ఆగడం అలవాటైపోయింది.