వంతెన దాకా గీకిన దారి

దయ్యాలూ, ఆత్మలూ అంటే నవ్వేసేవాణ్ణి. ఇప్పటికీ వాటిని నమ్ముతున్నానని చెప్పను. కానీ నాలుగేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. దాన్ని సరిదిద్దాలంటే నేను చూసింది కూడా చెప్పక తప్పదు.

మేము ఉత్తరాన, మంచు బాగా పడే అరోరాలో ఉంటాం. ఇక్కడ మంచు పడుతుందనగానే హైవేల మీదికి స్నో ప్లౌలు వచ్చేస్తాయి. ముందు పెద్ద ఇనుప పలక, వెనక ఉప్పు చల్లే యంత్రం ఉన్న లారీలవి. అవి వెళ్లిన కాసేపటికే నల్లటి తారు కనబడుతుంది. మంచులో చిక్కుకుంటే, కాస్త దూరం పాటిస్తూ ప్లౌ వెనకే నడపడం మా అందరికీ అలవాటు.

మా చిన్నాన్న కొడుకు మురళి దూరంగా, దక్షిణాన మిసిసిపీలో ఉద్యోగం చేసేవాడు. అక్కడ వాన పడి రోడ్డు మీదే గాజులా గడ్డకడుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి. అందుకే దాన్ని తీసే బండ్లూ తక్కువే. ఆ తేడా నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

నాలుగేళ్ల కిందట చలికాలంలో, ఒక శనివారం మా కొత్త ఇంటి గృహప్రవేశం. దానికి కార్లో రావాల్సిన మురళి శుక్రవారం పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు.

“అన్నా, ఇక్కడ ఐస్ వార్నింగ్ ఇచ్చారు. సుజాత వద్దంటోంది. రేపటి దాకా ఆగనా?”

“కాస్త ఐస్‌కే భయపడితే ఎలా రా? మేం రోజూ డ్రైవ్ చేయట్లా? ప్లౌ కనిపిస్తే దాని వెనకే పట్టుకో. బయల్దేరు.”

“సరే. వదిన పులిహోర కోసం ప్రాణాలకు తెగించి వస్తున్నానని చెప్పు,” అని నవ్వాడు.

పాపకి జ్వరమని వాడి భార్య సుజాత ఆగిపోయింది. వాడొక్కడే బయలుదేరాడు.

తొమ్మిదిన్నరకు మళ్లీ ఫోన్. “అన్నా, నువ్వన్నట్టే ప్లౌ దొరికింది! రోడ్డంతా నా ఒక్కడి కోసమే గీకుతున్నాడు మహానుభావుడు.”

ఇనుప పలక తారును గీరుకుంటున్న చప్పుడు నాకూ వినబడింది. ఇరవై ఏళ్లుగా వింటున్న చప్పుడు, అందులో పొరపాటు పడను. ఇంతలో లైన్ కట్ అయింది.

వంతెన మీద కారు జారి, అంచు దాటి కింద పడిందని, మురళి బతకలేదని సాయంత్రం పోలీసులు సుజాతకి చెప్పారు.

మర్నాడు మధ్యాహ్నానికి అక్కడికి చేరుకున్నాను. ఒక పోలీసాయన నన్ను ఆ చోటికి తీసుకెళ్లాడు. రోడ్డంతా గడ్డకట్టి ఉంది. కానీ కుడి పక్కన, ఒక ప్లౌ వెడల్పున, సుమారు రెండు మైళ్ల పొడవునా తారు తేలి ఉంది. అంచులు చాకుతో కోసినంత తిన్నగా ఉన్నాయి. ఆ దారి సరిగ్గా వంతెన మొదట్లో ఆగిపోయింది. లారీ వెనక్కి తిరిగిన గుర్తు లేదు, ముందుకు వెళ్లిన గుర్తూ లేదు.

ఆ చుట్టుపక్కల ప్లౌ అన్నదే లేదన్నాడాయన. ఇసుక చల్లే లారీలు రెండుంటే, రెండూ ఆ రోజు ఊళ్లో ఆసుపత్రి దారిలోనే ఉన్నాయట. తారు మీద నీలం ఛాయ ఉన్న ఉప్పు గింజలు కనబడ్డాయి. అరోరాలో మా వీధిలో చల్లేది ఆ రకమే. ఆయన వాటిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. అలాంటి ఉప్పు ఎప్పుడూ చూడలేదన్నాడు.

సుజాత నన్ను ఒక్కటే అడిగింది. “బావగారూ, మీరైనా ఆగమని చెప్పలేదా?”

“చెప్పానమ్మా. వాడే వినలేదు,” అన్నాను.

ఇప్పుడు పాపకి పదేళ్లు. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు, బూట్ల మంచు దులుపుకుంటూ అడిగింది. “పెదనాన్నా, డాడీ ఎవరి మాటా లిసన్ చేయలేదంట కదా? అందుకే యాక్సిడెంట్ అయిందంట. మమ్మీ చెప్పింది.”

నేను తల ఊపాను. ఆ రాత్రి నుంచి ఇది రాస్తున్నాను.

వాడు విన్నాడు. నా మాటే విన్నాడు. ఈ కాగితాలు ముందు సుజాత చేతికే ఇస్తాను.

ఆ ప్లౌ ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. మురళిని దాని వెనక పంపింది మాత్రం నేను.