రెండో మిస్డ్ కాల్

ముందే చెప్పేస్తాను, దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. చిన్నప్పుడు మా నాయనమ్మ దిష్టి తీస్తుంటే నవ్వి తిట్లు తిన్నవాణ్ణి. నా ఉద్యోగం కూడా అలాంటి నమ్మకాలకు చోటిచ్చేది కాదు. మెల్‌బోర్న్‌లో ఒక మొబైల్ కంపెనీలో నెట్‌వర్క్ ప్లానింగ్ చేస్తాను. కంటికి కనపడని తరంగాలతోనే నా పని, కానీ అవన్నీ కొలతకు అందుతాయి. కొలతకు అందనిది ఏదీ ఉండదనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. మా ఆవిడ మాధవే రాయమంది. ఎవరైనా చదివి కారణం చెబుతారేమోనని ఆమె ఆశ.

మేం మెల్‌బోర్న్ ఉత్తర శివారు క్రెయిగీబర్న్‌లో ఉంటాం. మాధవి ఫిజియోథెరపిస్టు. వారంలో రెండు రోజులు ఉత్తరాన కొండల అవతల ఒక చిన్న ఊళ్లో ఉన్న వృద్ధుల కేర్ హోమ్‌కి కారులో వెళ్లి వస్తుంది. దారిలో ఒక లోయ ఉంది. రోడ్డు యూకలిప్టస్ చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ దిగి, మళ్లీ అవతలి కొండ ఎక్కుతుంది. ఆ దిగి ఎక్కే మేరకు ఏ కంపెనీ ఫోనూ పనిచేయదు.

ఎందుకు పనిచేయదో నాకు బాగానే తెలుసు. మా కంపెనీ కవరేజ్ మ్యాపులు గీసేది మా టీమే. సిగ్నల్ ఉన్నచోట రంగు, లేనిచోట తెలుపు. ఆ లోయ తెల్లగా ఉంటుంది. పాత నెట్‌వర్క్ నడిచిన రోజుల్లో కొండ మీంచి కాస్తో కూస్తో సిగ్నల్ కిందికి జారేది. అది మూసేశాక ఆ కాస్తా పోయింది.

అక్కడ టవర్ పెట్టాలన్న ప్రతిపాదన లేకపోలేదు. పెళ్లిచూపుల దగ్గరే ఆగిపోయిన సంబంధంలా ఏటా మాట్లాడుకుంటాం, ఏటా వాయిదా వేస్తాం. కొండ మీదికి దారి వేయాలి, కరెంటు లాగాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని పోషించాలి. కింద చూస్తే ఉన్నవి నాలుగు పొలాలూ గొర్రెల మందలూ. "గొర్రెలు ఫోన్ ప్లాన్ తీసుకోవు కదా" అంటాడు మా మేనేజరు. పెట్టిన డబ్బు తిరిగి రాదని మా కంపెనీ, పక్కవాడు పెడితే వాడుకుందామని ఇంకో కంపెనీ, గవర్నమెంట్ గ్రాంటు వస్తే చూద్దామని అందరూ. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే.

మాధవికి ఈ లెక్కలు పట్టవు. "ఊరందరికీ సిగ్నల్ పంచుతావు, పెళ్లానికి మాత్రం ఒక్క గీత కూడా రాదు. దీపం కింద చీకటంటే ఇదే" అని దెప్పుతుంది.

అందుకని మాకొక పద్ధతి ఉంది. లోయ దాటి కొండెక్కి సిగ్నల్ అందగానే నాకు మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒక్క రింగు, కట్. దాటేశానని అర్థం. ఎంత మాట్లాడినా పైసా ఖర్చు లేని దేశంలో మిస్డ్ కాల్ ఏమిటని మా అమ్మాయి ఆద్య నవ్వుతుంది. ఆ అలవాటు మేమిద్దరం విజయవాడలో చదువుకున్న రోజులది. అప్పట్లో ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోతుందని ప్రాణం కొట్టుకునేది. మాధవి హాస్టల్ చేరగానే ఒక మిస్డ్ కాల్. దాని వెనకే రెండోది వచ్చిందంటే మాత్రం వెంటనే రమ్మని. బస్సు తప్పిందనో, ఒంట్లో బాగాలేదనో ఏదో ఒకటి ఉండేది. బండి తీసుకుని పరిగెత్తేవాణ్ణి.

ఆస్ట్రేలియా వచ్చాక రెండోది ఎప్పుడూ రాలేదు. అలాంటిదొకటి ఉండేదన్న సంగతే మరిచిపోయాను.

కిందటి చలికాలంలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం. నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కి పెట్టాను. స్కూలు నుంచి వచ్చిన ఆద్య అక్కడే నిలబడి టోస్ట్ తింటోంది. ఫోన్ ఒకసారి మోగి ఆగింది. మాధవి ఇవాళ తొందరగా వస్తోందే అనుకున్నాను. అంతలోనే మళ్లీ ఒకసారి మోగి ఆగింది.

"నాన్నా, అమ్మ కాల్డ్ ట్వైస్. వై డస్ షీ కీప్ హ్యాంగింగ్ అప్?" అంది ఆద్య.

ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్లి ఫోన్ అందుకున్నాను. తిరిగి చేస్తే ఫోన్ అందుబాటులో లేదన్న రికార్డింగు వచ్చింది. కేర్ హోమ్‌కి చేశాను. ఎప్పుడూ బయల్దేరే వేళకే బయల్దేరిందన్నారు. లెక్క ప్రకారం ఆ సమయానికి ఆమె లోయలోనే ఉండాలి. లోయలోంచి ఫోన్ రాదు. కొండెక్కి చేసిందనుకుంటే ఇప్పుడెందుకు కలవదు? ఎమర్జెన్సీకి చేద్దామని నంబరు నొక్కబోయి ఆగాను. ఏమని చెప్పాలి, మా ఆవిడ రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చిందనా?

ఆద్యను పక్కింటి సుధ ఆంటీ దగ్గర వదిలాను. ఆవిడది తెనాలి. కొడుకు దగ్గర ఉంటుంది. నా మొహం చూసి, "ఏంది బాబూ, అట్టా ఉన్నావు?" అంది.

"మాధవి ఫోన్ కలవట్లేదు ఆంటీ."

"ఆ దారిలో ఎప్పుడు కలిసింది గనక? దానికింత కంగారు దేనికి?"

ఆవిడ అన్నది నిజమే. నేను రోజూ అందరికీ చెప్పేదీ అదే. అయినా కారు తీశాను.

దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఎదురుగా మాధవి కారు వస్తే ఏం అబద్ధం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఇంట్లో పాలు అయిపోయాయని చెబుదామనుకున్నాను. పాల కోసం ఇంత దూరం ఎవరొస్తారన్నది తట్టలేదు. కొండ దిగుతుంటే ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే తగ్గాయి. మేం మ్యాపులో గీసినచోటే, సరిగ్గా అక్కడే, నెట్‌వర్క్ పోయింది. నా మ్యాపు తప్పయితే బాగుండునని మొదటిసారి కోరుకున్నాను.

లోయ అవతలి చివరిదాకా వెళ్లాను. ఎక్కడా ఏమీ లేదు. వెనక్కి తిప్పి, అద్దాలు పూర్తిగా దించి నెమ్మదిగా నడిపాను. వాన మొహాన కొడుతోంది. అప్పుడు కింద చెట్ల మధ్య నుంచి కారు హారన్ వినిపించింది. పొట్టిగా రెండుసార్లు. కాస్త ఆగి మళ్లీ రెండుసార్లు.

హారన్ వినపడ్డ వైపు దిగి వెళ్లాను. మాధవి కారు రోడ్డు మీంచి చూస్తే కనపడదు. రోడ్డు మీదికి కంగారూ ఒకటి గెంతుతూ అడ్డం వస్తే తప్పించబోయి, పక్కకు జారిపోయి, వాగు ఒడ్డున ఒక చెట్టుకు కొట్టుకుని ఆగింది. తలుపు నొక్కుకుపోయింది. మాధవి కుడి పాదం పెడల్ కింద ఇరుక్కుంది. పగిలిన అద్దంలోంచి వాన లోపల పడుతోంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"వచ్చావా" అంది. కాసేపటికి, "ఆద్య ఏదీ?" అంది.

ఆంటీ దగ్గరుందని చెప్పి, సాయం కోసం రోడ్డు మీదికి ఎక్కాను. అదృష్టం బాగుండి ఒక ముసలి రైతు యూట్ బండి వెనక తొట్టిలో గడ్డి వేసుకుని వస్తున్నాడు. నేను చేతిలో ఫోన్ ఊపుతూ అడ్డం నిలబడ్డాను. "అది ఇక్కడ టార్చిలైటుకే పనికొస్తుంది మేట్" అంటూనే బండిలోని రేడియో అందుకుని ఇంట్లో ఉన్న భార్యను పిలిచాడు. ఆమె ల్యాండ్‌లైన్ నుంచి అంబులెన్స్‌కి చెప్పింది. వాళ్లు వచ్చేదాకా ఆయన తన కోటు మాధవి మీద కప్పి పక్కనే నిలబడ్డాడు.

చీలమండ విరిగింది. పక్కటెముకలు కమిలాయి. అంతకు మించి ఏమీ కాలేదు. రాత్రంతా ఆ తడిలో ఉండి ఉంటే చలికే ప్రాణం మీదికి వచ్చేదని అంబులెన్స్‌లో ఉన్న అమ్మాయి చెప్పింది. నాకు భయమంతా దారిలోనే అయిపోయినట్టుంది. ఆస్పత్రి కారిడార్‌లో కూర్చుని హాయిగా ఏడ్చాను. అటు పోతున్న నర్సు ఆగి మంచినీళ్లు ఇచ్చి వెళ్లింది.

మర్నాడు మాధవి కాస్త తేరుకున్నాక అడిగాను, లోయలో ఫోన్ ఎలా కలిసిందని.

"ఏ ఫోను?" అంది.

"నాకు రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చావుగా."

మాధవి నా వంక వింతగా చూసింది. "నేనెక్కడిచ్చాను? ఫోను ఎటు ఎగిరిపోయిందో కూడా తెలీదు. చేతికి అందింది హారన్ ఒక్కటే. ఎవరికీ వినపడదని తెలుసు. ఊరికే ఉంటే నిద్రొచ్చేస్తోంది, నిద్రపోకూడదని కొడుతూ కూర్చున్నాను. రెండేసి సార్లు. మన పాత మిస్డ్ కాల్ లెక్కన."

నా ఫోన్ తీసి ఆ రెండు మిస్డ్ కాల్సూ ఆమెకు చూపించాను.

కారు పైకి లాగించాక ఆమె ఫోను వెనక సీటు కింద దొరికింది. అందులో ఆ మధ్యాహ్నం చేసిన కాల్ ఒక్కటీ లేదు. నా ఫోన్‌లో మాత్రం మాధవి పేరుతో రెండు మిస్డ్ కాల్స్, ఒకదాని కింద ఒకటి. ఇప్పటికీ ఉన్నాయి. మా ఇద్దరి నంబర్లకూ నెట్‌వర్క్ రికార్డులు తెప్పించుకుని చూశాను. ఆమె నంబరు నుంచి కాల్ వెళ్లలేదు. నా నంబరుకు కాల్ రాలేదు.

నాకు తెలిసిన కారణాలన్నీ ఆలోచించాను. వాతావరణాన్ని బట్టి తరంగాలు ఒక్కోసారి మామూలుకంటే దూరం పోతాయి. అలా పోయి కలిసి ఉంటే రికార్డు ఉండాలి. నేరుగా ఉపగ్రహంతో కలిసే ఫోన్లు వచ్చాయి. ఆమెది ఆ రకం కాదు. ఎప్పటిదో పాత కాల్ ఆలస్యంగా కనిపించిందనుకుంటే, అది మోగదు. మోగడం నేను విన్నాను, ఆద్య కూడా విన్నది. ఆఫీసులో ఒక ఇంజనీరుకు చూపిస్తే హ్యాండ్‌సెట్‌లో లోపం అన్నాడు. లోపమైతే ఆ వేళకే ఎందుకు వచ్చింది, రెండుసార్లే మోగి ఎందుకు ఆగిందని అడిగాను. కాఫీ తాగుదాం పద అన్నాడు.

సుధ ఆంటీ మాత్రం ఏడుకొండలవాడి దయ అని తేల్చేసింది. కాదనడానికి నా దగ్గర అంతకంటే మంచి కారణం లేదు. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆవిడ ఇంట్లో తిరుగుతూ నన్ను దెప్పుతోంది, నాకది చాలు.

టవర్ ఈ ఏడు కూడా వాయిదా పడింది. మీటింగులో గొర్రెల జోకు మళ్లీ వేశారు గానీ, నన్ను చూసి మధ్యలోనే ఆపేశారు. కాలు నయమయ్యాక మాధవి మళ్లీ ఆ దారినే పనికి వెళ్తోంది. ఈసారి ఉపగ్రహంతో కలిసే ఫోను కొన్నాం. అయినా కొండెక్కగానే పాత పద్ధతే. ఫోన్ ఒకసారి మోగి ఆగుతుంది. నేను ఎత్తను. చేతిలో పట్టుకుని, రెండోది రాదని నమ్మకం కుదిరేదాకా అలాగే నిలబడతాను. ఆ తర్వాత స్టవ్ వెలిగించి ఇద్దరికీ టీ పెడతాను.